డీజిల్ తాగిన రబ్బరు బూటు

ఇప్పటి మెకానిక్ తమ్ముళ్ళు ఫోన్లో ఒక నంబరు కొడితే చాలు, ఏ కారుకు ఏ సామాను కావాలో బొమ్మతో సహా వచ్చేస్తుంది. రెండో రోజుకు అట్టపెట్టెలో షెడ్డుకే చేరుతుంది. మంచిదే. నాకు ఈర్ష్య ఏమీ లేదు, కొంచెం తప్ప. మా కాలంలో సామాను తేవడమే సగం రిపేరు. ఆ సగంలో నేను చేసిన ఒక పొరపాటు మీకు చెప్పాలి. ఇన్నేళ్ళలో బాగు చేసిన బళ్ళు చాలావరకు మరిచిపోయాను. పాడు చేసిన ఈ ఒక్కటి మాత్రం బాగా గుర్తుంది.

నేను పని నేర్చింది సూర్యాపేటలో, హైవే పక్కన లారీల షెడ్డులో, ఎనభైల మొదట్లో. మా ఉస్తాద్‌కు లారీ తప్ప మిగతావన్నీ ఆటబొమ్మలే. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లు మా వైపు రావడం మొదలైనప్పుడు, ఒకదాని కింద దూరి చూసి బయటికి వచ్చి తల గోక్కున్నాడు.

"ఏందిర ఇది? ఎనక చక్రాలకు ఇంజన్ తోటి సంబంధమే లేదు. ఎనక నుంచి నూకితేనే బండి. ముందల గుంజేది బండెట్లయితది?"

"ఎద్దులు ముందల్నే ఉంటయి గద ఉస్తాద్" అన్నాను.

పానా విసిరాడు. తగల్లేదు. ఆ రోజే అనుకున్నాను, ఈ ఎద్దుబండి కార్లే నేర్చుకోవాలని. తొంభైల్లో సొంతంగా షెడ్డు వేసుకున్నాను. 'చిన్న కార్ల మేస్త్రి' అని పేరు కూడా వచ్చింది. పేరు వచ్చాక మనిషికి రెండు నష్టాలు. ఎవరినీ అడగబుద్ధి కాదు, ఎవరు చెప్పినా వినబుద్ధి కాదు.

అసలు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే కథంతా దాని మీదే నడుస్తుంది. ఆ కార్లలో ఇంజన్ బలం రెండు ఇరుసుల మీదుగా ముందు చక్రాలకు పోతుంది. చక్రం తిరుగుతూనే పక్కకు మళ్ళాలి కాబట్టి ఇరుసు చివర మన మణికట్టు లాంటి జాయింటు ఉంటుంది. అందులో ఉక్కు గుండ్లు, నల్లటి గ్రీజు. దాని మీద హార్మోనియం తిత్తిలాగా మడతలు మడతల రబ్బరు తొడుగు. దాన్నే బూటు అంటాం. బూటు చిరిగితే గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్ము లోపలికి పోతుంది. కొన్నాళ్ళకు బండి మలిపినప్పుడల్లా టకటకమని చప్పుడు. అప్పుడు కూడా పట్టించుకోకపోతే ఒక రోజు ఇంజన్ అరుస్తూనే ఉంటుంది, బండి మాత్రం కదలదు.

మాకు అప్పట్లో పార్టు నంబర్లు తెలియవు. అంతా శాంపిల్ పద్ధతి. పాత సామాను ఊడదీసి దుకాణానికి పట్టుకుపోతే సేటు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లోపలి నుంచి దానికి జోడు తెచ్చి ఇచ్చేవాడు. మా పేటలో సామాన్ల సేటు తరతరాలుగా ధాన్యం వ్యాపారం చేసిన ఇంటివాడు. దుకాణం మారింది గానీ కూర్చునే తీరు మారలేదు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద మఠం వేసుకుని కూర్చునేవాడు. ఆ దుప్పటికి గ్రీజు మరక అంటిందా, ఆ రోజు మీకు సామాను దొరకదు. అందుకని మెకానిక్‌లందరూ శాంపిల్‌ను తుడిచి తీసుకుపోయేవారు. నేను ఇంకో మెట్టు ఎక్కువ. రాత్రంతా డీజిల్ డబ్బాలో నానబెట్టి, పొద్దున కడిగి, పాత పేపర్లో చుట్టి తీసుకుపోయేవాణ్ణి. "నీ శాంపిల్ పెండ్లికొడుకు లెక్క ఉంటదిరా" అని సేటు మెచ్చుకునేవాడు. ఇనుముకు ఆ స్నానం మంచిదే. రబ్బరుకు ఏమవుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

తొంభైల మధ్యలో ఒక మధ్యాహ్నం నా షెడ్డు ముందు ఎర్ర 'ఎల్' అక్షరం బోర్డు కట్టిన చిన్న కారు ఆగింది. కొంగు నడుముకు దోపుకుని ముప్ఫై అయిదేళ్ళ ఆవిడ దిగింది. నేను కారులోకి తొంగి చూశాను.

"డ్రైవర్ ఏడమ్మా?"

"తాళంచెవి నా చేతిల ఉన్నది గదన్నా. ఇంక డ్రైవర్ ఎవరుంటరు?"

మిర్యాలగూడ నుంచి తనే తోలుకుంటూ వచ్చింది. అక్కడ ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పే బడి పెట్టింది. లారీ డ్రైవరైన వాళ్ళ అన్న దగ్గర పని నేర్చుకుందట. మిర్యాలగూడలో ఒక మెకానిక్ దగ్గరికి పోతే "మీ ఆయనను పంపియ్యమ్మా, ఏమైందో ఆయనకు చెప్త" అన్నాడట. అందుకని ఇంత దూరం వచ్చింది. నేను అడిగిన మొదటి ప్రశ్న గుర్తొచ్చి మొహం పక్కకు తిప్పుకుని జాకీ వెతికాను.

"కారు మా బావది. మా ఆయనకు అన్న" అని చెప్పింది. "ఇంట్ల ఊకెనే ఉన్నదని ఇచ్చిండు. మొదటి బ్యాచ్‌ల అయిదుగురున్నరు. పదిహేను దినాలల్ల లైసెన్సులిచ్చే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ క్యాంపుకొస్తడు. వీళ్ళు పాసయితే కారు నా తాన్నే ఉంటది. లేకుంటే అమ్మేస్త అన్నడు. ఆడోళ్ళు నేర్పుడు, ఆడోళ్ళు నేర్సుడు, నడుమ నా కారు ఖరాబయితదని ఆయన పరేషాన్."

కారు కింద పడుకుని చూస్తే ఎడమ వైపు బూటు చిరిగి ఉంది. చిరగక ఏమవుతుంది? నేర్చుకునేవాళ్ళు రోజంతా గ్రౌండులో స్టీరింగ్ పూర్తిగా మలిపి గుండ్రంగా తిప్పుతూనే ఉంటారు. మామూలు కార్లు ఏడాదిలో మళ్ళేంత మలుపు ఆ కారు నెలలో మళ్ళుతుంది. అదృష్టం కొద్దీ జాయింటుకు ఇంకా దెబ్బ తగల్లేదు. బండి వదిలి పొమ్మన్నాను. ఆవిడ బస్సులో పోయి మర్నాడు సాయంత్రం వచ్చింది.

ఆ లోపల నేను చేసింది ఇదీ. పాత బూటును శ్రద్ధగా డీజిల్లో నానబెట్టాను. పొద్దున సేటు ముందు పెట్టాను. సేటు రెండు మూడు తీసి పక్కన పెట్టి చూసి ఒకటి ఇచ్చాడు. అచ్చం కవలల్లా ఉన్నాయి. మళ్ళీ పనికొస్తుందని అలాంటిదే ఇంకోటి కూడా తీసుకున్నాను. షెడ్డుకు వచ్చి ఎక్కిస్తే ఇరుసు దగ్గరి సన్న మూతి వదులుగా ఉంది. చెయ్యి చెప్పింది, ఇది మన కారుది కాదురా అని. కానీ శాంపిల్ చూశాను కదా, శాంపిల్ తప్పవుతుందా? క్లిప్పు బిగించి, నమ్మకం చాలక పైన బైండింగ్ వైరు రెండు చుట్లు చుట్టి మెలి పెట్టాను. లారీల షెడ్డులో పెరిగినవాడికి బైండింగ్ వైరు దేవుడితో సమానం.

"పక్కానా అన్నా? పరీక్ష ఉన్నది" అని అడిగింది ఆవిడ బండి తీసుకుంటూ.

"పక్కా అక్కా. బేఫికర్‌గ పో" అన్నాను.

పాత బూటును ఊరికే పారేయలేదు. లారీలవాళ్ళు దిష్టి తగలకుండా బండికి పాత చెప్పు కడతారు. నేను కార్ల మేస్త్రిని కాబట్టి ఆ చిరిగిన బూటును షెడ్డు తలుపు మీద మేకుకు వేలాడదీశాను. అందరూ చూసి నవ్వారు, నేనూ నవ్వాను.

పన్నెండు రోజులు గడిచాయి. మర్నాడు ఆవిడ వాళ్ళ పరీక్ష అనగా, మధ్యాహ్నం అదే తరహా కారు ఒకటి వచ్చింది, అదే జబ్బుతో. నా దగ్గర ఇంకో కొత్త బూటు ఉంది కదా అని నేరుగా ఎక్కించబోయాను. మళ్ళీ అదే వదులు. ఈసారి కొంచెం అనుమానం వచ్చి, మేకుకు వేలాడుతున్న పాతదాన్ని తీసి కొత్తదాని పక్కన పెట్టాను. పాతది చిన్నది. చిటికెనవేలు దూరేంత తేడా. పన్నెండు రోజుల కింద నా చేతిలోనే ఈ రెండూ కవలలు. ఒకటి ఎలా చిన్నదైంది?

వాసన చూశాను. డీజిల్ వాసన ఎప్పుడో పోయింది. పన్నెండు రోజులు ఎండకు ఎండిపోయింది. అప్పుడు వెలిగింది నా బుర్ర. రాత్రంతా డీజిల్ తాగి ఉబ్బిన బూటును నేను సేటుకు చూపించాను. ఆరిపోయాక అది మళ్ళీ తన సైజుకు వచ్చింది. ఆవిడ కారుకు మాత్రం ఉబ్బిన సైజు తొడుగు తొడిగి పంపించాను. ఫోన్ చేద్దామంటే వాళ్ళింట్లో ఫోన్ లేదు.

సేటు దగ్గరికి పరుగెత్తాను. రెండు బూట్లూ తెల్ల దుప్పటి మీదే పెట్టాను, మరక సంగతి మరిచిపోయి. ఆయన కూడా ఏమీ అనలేదు. రెండూ పట్టుకుని చూసి నవ్వాడు.

"నువ్వు తెచ్చిందానికి జోడు నేనిచ్చిన. పెద్ద కారు బూటు అది. పెండ్లికొడుకునే మార్చి తెస్తే నేనేం జేస్త?" అన్నాడు. "చిన్నది నా దగ్గర ఖతమైంది. కోదాడ పో. ఆడ నీ దోస్తు ఉన్నడు గద, పుస్తకం మేస్త్రి."

దోస్తు అనడం సేటు మంచితనం. కోదాడలో నాలాగే చిన్న కార్లు చేసే ఆయన ఒకడున్నాడు. ఏ కారు వచ్చినా దాని పార్టు నంబర్లన్నీ నోటుబుక్కులో రాసుకుంటాడు. శాంపిల్‌ను నమ్మడు. రాసింది చూడకుండా నట్టు కూడా కొనడని మా పేటలో మేము ఆయన్ని ఎగతాళి చేసేవాళ్ళం. 'పుస్తకం మేస్త్రి' అనే పేరు పెట్టిందే నేను. ఆ సాయంత్రం బస్సులో కోదాడ పోతూ దారి పొడుగునా ఆయనకు ఏం చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు. ఆయన షెడ్డు ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"డీజిల్లో నానబెట్టావా?" అన్నాడు కళ్ళు పెద్దవి చేసి. "రబ్బరుకు డీజిల్ తాగిస్తారా అన్నయ్యా ఎవరన్నా? ఉబ్బుద్ది కదా!"

"తెలువదు తమ్మీ" అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదలు అనుకుంటాను.

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నోటుబుక్కు తీశాడు, నంబరు చూశాడు, బీరువాలోంచి బూటు, రెండు క్లిప్పులు, నల్ల గ్రీజు ప్యాకెట్టు తీసి ఇచ్చాడు. ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టించి అక్కడే పడుకోమన్నాడు. పొద్దున హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే మొదటి బస్సు ఎక్కించి, కిటికీలోంచి ఒక కాగితం ఇచ్చాడు. "ఏం చెయ్యాలో వరసగా రాశాను అన్నయ్యా. చూసుకుంటూ చెయ్యి" అన్నాడు. పదిహేనేళ్ళ నుంచి పానా పట్టినవాణ్ణి. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పరీక్ష ఊరి బయట, ఒక రైస్‌మిల్లు పక్కన ఖాళీ జాగాలో. సున్నంతో ఎనిమిది అంకె గీశారు. డ్రమ్ములు వరసగా నిలబెట్టారు. మిల్లు నీడలో కుర్చీ వేసుకుని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. నేను పనిముట్ల సంచితో చేరేసరికి ఇద్దరు పాసయ్యారు, ముగ్గురు మిగిలారు. దవాఖానలో నర్సు చేసే అమ్మాయి ఎనిమిది తిప్పుతోంది. మొదటి సగం బాగానే వచ్చింది. రెండో సగంలో మలుపు తీసుకోగానే, టక టక టక. ఆమె భయపడి బండి ఆపేసింది.

తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ముందుకు వచ్చాడు. బావ అని చూడగానే తెలిసింది.

"నేను ముందే చెప్పిన సార్. నేర్సుకునేటోళ్ళ చేతిల బండి ఆగమైతదని. అయిపోయింది. ఇయ్యాలనే అమ్మేస్త."

ఆవిడ రిజిస్టరు గుండెకు పట్టుకుని నిలబడింది. నన్ను చూసి, చూపు కారు వైపు తిప్పుకుంది. తిట్టినా బాగుండేది.

నేను కారు కింద తల పెట్టాను. చక్రం లోపలంతా గ్రీజు చిమ్మి ఉంది. బూటు మూతి జారిపోయింది, నా బైండింగ్ వైరు తెగి వేలాడుతోంది. నిజం చెప్తాను తమ్ముళ్ళూ, ఆ కింద పడుకున్నప్పుడు ఒక ఆలోచన వచ్చింది. వైరు ఊడదీసి జేబులో వేసుకుంటే ఎవరికీ తెలియదు. నేర్చుకునేవాళ్ళు అడ్డగోలుగా తిప్పారు, బూటు జారింది అంటే అందరూ నమ్ముతారు. నమ్మడానికి వాళ్ళు సిద్ధంగానే ఉన్నారు. నా పేరు నాకుంటుంది. ఆ ఆలోచన ఒక నిమిషం పాటు ఉంది. ఇప్పటికీ సిగ్గే.

బయటికి వచ్చి వైరు అందరికీ కనబడేలా పట్టుకున్నాను.

"సార్, బండిని నేర్సేటోళ్ళు ఖరాబ్ చెయ్యలే. నేర్పినామె చెయ్యలే. నేను చేసిన. తప్పు సైజు బూటు ఏసిన. వదులున్నదని తెలిసి గూడ వైరు గట్టి పక్కా అని చెప్పిన. ఈమె అడిగింది, నేనే ఇనలే. అసలు సామాను తెచ్చిన. జర టైమియ్యిండ్రి."

ఇన్‌స్పెక్టర్ నన్ను కింది నుంచి పైకి చూశాడు. "ఎంతసేపు?"

"గంటన్నర సార్."

"పన్నెండింటికి లేస్త. ఆ లోపల ఎంతమంది అయితే అంతమంది."

నేను జాకీ ఎత్తాను. చక్రం తీసి, ఇరుసు గుంజి బయటికి తీయాలి. లోపలి వైపు జాయింటు విప్పి, కొత్త బూటు ఆ వైపు నుంచి ఎక్కించాలి. ఒక్కడి చేతులు చాలవు. ఆవిడ రిజిస్టరు పక్కన పెట్టి, కొంగు బిగించి చక్రం పక్కన కూర్చుంది. నర్సమ్మాయి పెట్రోలు, తెల్ల గుడ్డ తీసుకుని జాయింటులో ఉక్కు గుండ్లను పుండు కడిగినంత జాగ్రత్తగా కడిగింది. ఇసుక రేణువు ఉందేమోనని నాకు రెండుసార్లు చూపించింది. ఇంకొకామె పెద్దవూర బడిలో టీచరు. బస్సు కోసం రోజూ నిలబడలేక కారు నేర్చుకుంటోంది. చేతులకు మసి అంటకుండా ఏం పని చెప్పాలా అని జేబులో కాగితం తీసి ఇచ్చాను, చదవమ్మా అని.

ఆమె తరగతిలో పాఠం చదివినట్టు గొంతు పెంచి చదివింది. "ఒకటి. బైండింగ్ వైరు వాడరాదు."

ఆ సమయానికి నేను తెగిన వైరు ముక్కే కటింగ్ ప్లేయరుతో పీకుతున్నాను. ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కదిలి నవ్వాడు. నర్సమ్మాయి నవ్వింది. ఆవిడ కూడా నవ్వింది, పొద్దుటి నుంచి అదే మొదటిసారి. నా ప్రాణం కొంచెం లేచి వచ్చింది.

"రెండు. రబ్బరుకు పెట్రోలు గానీ డీజిల్ గానీ తగలరాదు. మూడు. ఇచ్చిన గ్రీజు మొత్తం వాడవలెను, మిగిల్చుకోరాదు." నన్ను బాగానే అంచనా వేశాడు కోదాడాయన. మిగిల్చుకోవాలనే చూశాను.

సన్న మూతి ఇరుసు మీద గాడిలో 'టప్'మని కూర్చుంది. ఆ చప్పుడు వింటే తెలిసిపోతుంది. బలవంతం చెయ్యక్కర్లేదు, సర్దిచెప్పక్కర్లేదు. గుండ్లకు ఇంకా గాట్లు పడలేదు కాబట్టి బతికిపోయాం. ఇరుసు గుంజినప్పుడు గేరుపెట్టెలోంచి కారినంత ఆయిలు మళ్ళీ పోసి, చక్రం బిగించి జాకీ దించేసరికి పదకొండు దాటింది. ఒకసారి తిప్పి చూద్దామని డ్రైవరు సీట్లో కూర్చోబోయాను.

"లైసెన్సు ఉన్నదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

లేదు. పదిహేనేళ్ళు బళ్ళు బాగు చేశాను, షెడ్డులో ముందుకూ వెనక్కూ తీశాను. లైసెన్సు తీసుకోవాలని తోచలేదు. అంతమంది ఆడవాళ్ళ ముందు తల దించుకుని దిగి పక్క సీట్లోకి మారాను. ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుంది. ఎనిమిది మీద ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా రెండుసార్లు తిప్పింది. నేను పక్క సీట్లోంచి తల బయట పెట్టి చక్రానికి చెవి ఒగ్గాను. రాళ్ళ మీద టైరు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

నర్సు పాసయింది. టీచరు పాసయింది. మిల్లు యజమాని ఇంటి కోడలు ఒకామె మాత్రం రివర్సులో డ్రమ్మును పడేసింది. డ్రమ్ము దొర్లుకుంటూ పోయి ఇన్‌స్పెక్టర్ కుర్చీ దగ్గర ఆగింది. "వచ్చే క్యాంపుకు రామ్మా" అని ఆయన కాళ్ళు పక్కకు జరుపుకున్నాడు. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది. అయిదుగురిలో నలుగురు. ఆయన కాగితాల మీద సంతకం చేసి లేచే ముందు ఆవిడతో "మంచిగ నేర్పినవమ్మా" అన్నాడు. అంత చిన్న మాటకు ఆవిడ కళ్ళు తుడుచుకుంది. చేతులు మసిగా ఉన్నాయి కాబట్టి నేను తుడుచుకోలేదు.

నేను పనిముట్లు సంచిలో వేసుకుంటుంటే బావ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. కారు అమ్మే మాట ఎత్తుతాడేమో, మంచి బేరం ఎవరన్నా ఉన్నారా అని అడుగుతాడేమో అనుకున్నాను. ఆయన గొంతు తగ్గించాడు.

"మేస్త్రీ, మా ఇంటామె గూడ నేర్సుకుంటనని అంటున్నది. ఎప్పటి నుంచి పంపాలె?"

"నన్నెందుకడుగుతున్నవ్ పటేలా?" అన్నాను. "ఆమెనడుగు."

ఆయన కాసేపు కారును చూశాడు, కాసేపు మిల్లును చూశాడు. తర్వాత నెమ్మదిగా నడిచి ఆవిడ దగ్గరికి పోయి అదే మాట అడిగాడు. ఆవిడ రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది.

"అక్క పేరు పోయిన నెలల్నే రాసుకున్న బావా. మీరు అడిగిందాకా ఆగుదామన్నది" అంది. "రేపు పొద్దుగాల ఆరింటికి గ్రౌండుకు రమ్మని చెప్పుండ్రి."

ఆయన పోయి వెనక తలుపు తీసి కారెక్కి కూర్చున్నాడు. ఆవిడ ముందు కూర్చుని బండి తీసింది.